గొంగడి కింద చెప్పే మాట

ఏడో చెంచా పాలు రాచయ్య గొంతు దిగలేదు. పెదవి మూల నుంచి జారి తెల్లగడ్డంలోకి పాకాయి. మహాదేవి కొంగుతో తుడిచి ఎనిమిదో చెంచా ముందుకు తెచ్చింది.

"సాలు," అన్నాడాయన చెయ్యెత్తి. ఆ రెండక్షరాలూ ఎండిన కందికట్టె విరిచినట్టు వచ్చాయి.

"మాట్లాడకు నాయినా. డాక్టర్ మాట్లాడొద్దన్నడా లేదా? ఉన్న నాలుగు మాటలు దాచిపెట్టుకో. ఎవరెవరికి చెప్పేదున్నదో వాళ్లకు చెప్పుకో. ఇంట్లోవాళ్ల సంగతి నీకెందుకు?"

పాలగిన్నెను నేలమీద పెట్టలేదు, కొట్టింది. రాచయ్య కూతురి వైపు ఒకసారి చూసి, ముఖం గోడకు తిప్పుకున్నాడు. ఆ ఇంట్లో పన్నెండేళ్లుగా జరుగుతున్నది అదే. ఆమె విసరడం, ఆయన గోడను చూడడం.

కమఠాణలో శనివారం ఎప్పటిలాగే తెల్లారింది. బీదరు పోయే మొదటి బస్సు మలుపు దగ్గర హారన్ కొట్టి వెళ్లిపోయింది. కలుపుకు పోయే ఆడవాళ్లు ఒకరినొకరు కేకలేసి పిలుచుకుంటున్నారు. మహాదేవి వాకిలి ఊడ్చి, కుట్టుమిషన్ ముందు కూర్చుని, సొరుగు లాగింది. సూదుల డబ్బా పక్కన తలనొప్పి మాత్రల పట్టీ ఉంది. ఒకటి నోట్లో వేసుకుని నీళ్లు లేకుండానే మింగింది. పొద్దున లేచిన గంటకల్లా తల పగలడం, రొమ్ములో మంట రేగడం ఆమెకు కొత్త కాదు. మిషన్ మీద వంగి వంగి వచ్చిందని బీదరు డాక్టరు చెప్పాడు. ఆమె కూడా అదే అనుకుంది.

వాకిట్లో ఒక పిల్ల వచ్చి పాత రవిక చాపింది. "అక్కా, మా వదినె పంపింది. ఈ కొలతకు కుట్టమన్నది."

"ఇది మీ వదినెదేనా?"

"మా అత్తది. ఇద్దరూ ఒక్కతీరే ఉంటరు."

"ఒక్కతీరు ఎవరూ ఉండరు. మనిషి రావాలె. మనిషి లేకుండ కొలత లేదు, పో!"

పిల్ల బిక్కముఖం వేసుకుని పోయింది. వంటింట్లోంచి తల్లి సుందరాబాయి తొంగిచూసి, "పొద్దుపొద్దుగాల ఎవరి మీద పడుతున్నవే?" అంది.

"దొరికినోళ్ల మీద."

ఆ కోపానికి ఇవాళ గట్టి కారణమే ఉంది. మూడు నెలల కిందట రాచయ్య గొంతు బొంగురుపోయింది. బీదరులో చూపిస్తే హైదరాబాదు పొమ్మన్నారు. హైదరాబాదులో గొంతులోకి గొట్టం పెట్టి చూసి, పుండు ముదిరిందన్నారు. స్వరపేటిక మొత్తం తీసెయ్యాలి. మనిషి బతుకుతాడు, గొంతు బతకదు. ఈ సాయంత్రం ఆసుపత్రిలో చేరాలి. సోమవారం ఆపరేషన్.

ఇంకొకరికైతే గొంతు పోవడమంటే గొంతు పోవడమే. రాచయ్య సంగతి వేరు. ఎనిమిదెకరాల కందిచేను తప్ప ఏ పీఠమూ లేని ఆ మనిషి దగ్గరికి నలభై ఏళ్లుగా బగ్దల్ నుంచి, హుల్సూర్ నుంచి, అవతల జహీరాబాదు పల్లెల నుంచి జనం ఉపదేశం కోసం వస్తున్నారు. ఆయనకు ఆయన గురువు చెప్పాడు. ఆ గురువుకు వేరొకరు చెప్పారు. ఎక్కడా కాగితం మీద రాసింది లేదు. తెల్లవారగానే లోపలి అర్రలో గురువూ శిష్యుడూ ఒకే నల్ల గొంగడి కప్పుకుని కూర్చుంటారు. గురువు నోరు, శిష్యుడి చెవి. మధ్యలో మరొకటి ఉండకూడదు.

"చచ్చిపోయిన గురువుల పుస్తకాలున్నయి, ఫొటోలున్నయి. అవి చాలవా?" అని ఎవరో ఒకసారి అడిగితే రాచయ్య నవ్వాడు. "పాలు తోడుకోవాలంటే ఇంత పెరుగు వెయ్యాలె. గిన్నె ముందట పెరుగు బొమ్మ పెడితే తోడుకుంటదా?"

ఆ దారిలో నియమాలు రెండే. చెప్పేవాడు బతికున్న మనిషై ఉండాలి. తీసుకునేవాడు తన నోటితో మూడుసార్లు అడగాలి. అడగనివాళ్లకు, ఎంత దగ్గరివాళ్లయినా, గురువు తనంతట తాను చెప్పకూడదు.

తీసుకున్నవాళ్లు వందలమంది ఉన్నారు. కానీ, నువ్వు ఇంకొకరికి చెప్పు అని రాచయ్య ఆజ్ఞ ఇచ్చింది మాత్రం ఒక్కరికీ లేదు. సోమవారం ఆ గొంతుతో పాటు ఆ మాట కూడా పోతుంది.

అదికాదు మహాదేవి మంట. ఊరూరి వాళ్లకు చెప్పిన మాట కన్నకూతురికి చెప్పలేదు. వచ్చినవాళ్లకు నీళ్లిచ్చింది ఆమె. రొట్టెలు కొట్టింది ఆమె. "లోపలికి పోయి మూడుసార్లు అడగాలె, సిగ్గుపడొద్దు," అని గుమ్మం దగ్గర నేర్పి పంపింది ఆమె. ప్రతి గురుపున్నమి నాడు అందరూ వెళ్లిపోయాక, అర్రలో ఇంకా పరిచే ఉన్న గొంగడిని విసురుగా దులిపి మడతపెట్టి పెట్టెలో పడేసింది కూడా ఆమే. రాచయ్య గుమ్మంలో కూర్చుని ఆ మడతపెట్టడం చూసేవాడు. 

* * *

తొమ్మిదింటికి తెల్ల ఇండికా కారు వచ్చి వాకిట్లో ఆగింది. తమ్ముడు నవనాథ్ దిగాడు. ఇస్త్రీ చొక్కా, నడుముకు ఫోను, చేతిలో చిన్న నల్ల డబ్బా. హైదరాబాదు రోడ్డు పొడుగునా భూములకు రెక్కలొచ్చిన కాలమది. సదాశివపేట దగ్గర ఒక వెంచర్‌లో ప్లాట్లు అమ్మిపెట్టే పని అతనిది. నిన్నటి శెనగచేలో ఇవాళ రంగు జెండాలు ఎగురుతుంటే, ఆ జెండాల కింద నవనాథ్ నిలబడి ఉంటాడు.

"నాయిన తయారేనా అక్కా? పదకొండుకు బయలెల్లాలె. పటాన్‌చెరు దాటినంక ట్రాఫిక్ మస్తున్నది."

"ఆ డబ్బా ఏంది?"

"రికార్డర్. ఆవాజ్ బహుత్ సాఫ్ వస్తది." అతను అక్క ముఖం చూసి గొంతు తగ్గించాడు. "నాయినను ఒక్కసారి ఉపదేశం దీంట్ల చెప్పమందాం. అరగంట పని. సోమవారం తర్వాత ఎవరొచ్చినా వినిపించొచ్చు. వెంచర్‌ల ధ్యానమందిరం కడుతున్నరు, నాయిన పేరు మీదనే. బోర్డు కూడ రాయించిన."

"ప్లాట్లతో పాటు నాయిన గొంతుకు కూడ రిజిస్ట్రీ చేయిస్తున్నవా?"

"నీ నోట్లె ఎప్పుడన్న ఒక మంచిమాట ఉంటదా?"

"మంచిమాటలన్నీ గొంగడి కిందనే అయిపోయినయిరా ఈ ఇంట్ల. నాదాక రాలే."

సుందరాబాయి దుప్పట్లు సంచిలో కూరుతూ, "ఇద్దరూ ఊకోండ్రి. పోయేముందు తకరార్ ఏంది?" అంది. ఎవరూ వినలేదు.

సరిగ్గా అప్పుడే బక్కమ్మ లోపలికి వచ్చింది. రాచయ్య శిష్యురాలు, డెబ్బై ఏళ్ల మనిషి, అరిస్తే తప్ప రెండు చెవులూ వినపడవు, ఉబ్బసం. నాలుగడుగులకు ఒకసారి ఆగి, పిల్లిలా గురగురమని ఊపిరి తీసుకుంటుంది. దారిలో తినడానికి జొన్నరొట్టెల మూట తెచ్చింది. మూట సుందరాబాయికిచ్చి, రాచయ్య కాళ్లకు మొక్కి, గోడకు ఆనుకుని కూలబడింది.

నవనాథ్ తండ్రి ముందు మోకాళ్ల మీద కూర్చుని డబ్బా చూపించాడు. ఎర్రబొట్టులా దీపం వెలిగింది. "నాయినా, ఇది నొక్కిన. నువ్వు చెప్పు. తొందర లేదు, దమ్ము తీసుకుంట చెప్పు."

రాచయ్య డబ్బాను చేతిలోకి తీసుకున్నాడు. తిప్పి చూశాడు. తర్వాత ఎవరూ అనుకోని పని చేశాడు. దాన్ని చెవికి ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. అర నిమిషం విని, కొడుకు చేతిలో పెట్టేశాడు.

"ఊపిరి లేదు," అన్నాడు. "ఎట్ల చెప్పాలె దీనికి?"

"దీనికి కాదు నాయినా! రేపు వినేటోళ్లకు."

"వాళ్లను రమ్మను."

"రేపు వస్తే నువ్వు చెప్పలేవు గదా! హైదరాబాద్‌ల అందరూ సీడీల మీదనే తీసుకుంటున్నరు. చెప్పినోళ్లు పోయినా నడుస్తున్నది. నీది ఒక్కటే ఎందుకు నడవదు?"

రాచయ్య తల అడ్డంగా ఊపాడు. నవనాథ్ ముఖం ఎర్రబడింది. "సరే. పోనీ. నలభై ఏండ్లది సోమవారం పొద్దున కత్తెర్ల పాలు కానీ!"

"నాయిన మీద అరువకు," అంది మహాదేవి. తానే అరవాలని కాచుకున్న కోపాన్ని వేరొకరు అందుకుంటే ఆమెకు నచ్చలేదు. "బేరం కుదరకుంటే జెండాల దగ్గరికి పో. ఇక్కడ దబాయింపు నడువదు."

నవనాథ్ లేచి నిలబడ్డాడు. "నీకేమన్న ఉపదేశం ఉన్నదా అక్కా? లేదు. నాకూ లేదు. ఇద్దరం బయటోళ్లమే. నేను నలభై మైళ్ల అవతల ఉండి బయటోన్ని. నువ్వు పన్నెండేండ్లు ఈ గుమ్మంల కూసొని బయటిదానివి. ఏం తేడా?"

ఆ మాట తగలవలసిన చోట తగిలింది. మహాదేవి చేతిలోని కత్తెర మిషన్ మీద ఠంగుమని పడింది.

"ఎవరు బయటిది? నీ డబ్బా నాకక్కర లేదు. నాయిన దయ కూడ అక్కర లేదు. ఆ మాట నాకు తెలుసు! ఎనిమిదేండ్ల నుంచి తెలుసు! రోజు పొద్దున, మీరెవరూ లేవకముందు చేస్తున్న. ఎవరు చెప్పకుంటే నాకేంది?"

 సుందరాబాయి చేతిలోని దుప్పటి జారిపోయింది.

"ఏమన్నది? ఏమన్నది పిల్ల?" బక్కమ్మ అందరి ముఖాలూ చూసింది.

నవనాథ్ ఆమె చెవి దగ్గర అరిచాడు. "నీకు చెప్పింది గోడ చాటు నుంచి విన్నదంట!"

అలా వినడం ఒక్క బక్కమ్మ విషయంలోనే సాధ్యమని అతనికి తెలుసు. మిగతా అందరికీ రాచయ్య గుసగుసగా చెప్పేవాడు. బక్కమ్మ చెవిటిది కాబట్టి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఆనాడు గోడకవతల వంటింట్లో మహాదేవి పిండి కలుపుతూ ఉంది. పిండి చేతులతోనే గోడకు చెవి ఆనించింది.

"ఓ యవ్వా! నా మంత్రం ఎత్తుకపోయినవా?" బక్కమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "కోడిని పోగొట్టుకున్న, చెంబు పోగొట్టుకున్న, ఇది కూడ పోయెనా!"

"నీది నీ దగ్గరనే ఉన్నది పెద్దవ్వా! నువ్వు చెవిటిదానివైతే తప్పు నాదా, గోడదా?"

అప్పుడు రాచయ్య లేచాడు. గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ వేసుకుంటూ కూతురి దగ్గరికి వచ్చాడు. పన్నెండేళ్లలో ఆయన ఆమె ఎదుట అంత దగ్గరగా నిలబడింది లేదు. కొడతాడనుకుంది. కొట్టినా బాగుండనుకుంది. ఆయన ఆమె వెనక్కి వెళ్లి, వీపు మధ్యలో అరచెయ్యి ఆనించాడు.

"పీల్చు."

"నేను పీల్చ."

"పీల్చు, బిడ్డా."

ఆమె పీల్చింది. విడిచింది. మళ్లీ పీల్చింది. అరచెయ్యి కదల్లేదు. ఆ చెయ్యి ఏదో లెక్క వింటున్నట్టుంది.

"పొద్దున లేచినంక తల పగుల్తదా?"

మహాదేవి ఆ సంగతి తల్లికి కూడా చెప్పలేదు.

"రొమ్ముల మంట? మాటకు ముందే కోపం?"

"కోపం నాదే," అంది పళ్లు బిగించి. "అది ఎవరి దగ్గరా వినలే."

రాచయ్య గొంతు సవరించుకున్నాడు. లోపల ఏదో చిరిగినట్టు చప్పుడైంది. "మాట అందరికీ ఒక్కటే. ఊపిరి ఒక్కటి కాదు. ఎక్కడ పట్టాలె, ఎక్కడ ఇడువాలె... అది మనిషి మీద చెయ్యి పెట్టి చూసి చెప్పేది. బక్కమ్మకు ఉబ్బసం. సగంలనే ఇడువుమన్న. నీది పెద్ద ఊపిరి. ఎనిమిదేండ్లు సగంల కోసుకున్నవు." ఆయన ఆగాడు. మిషన్ మీద వేలాడుతున్న టేపు వైపు చూపించాడు. "బక్కమ్మ కొలత రవిక తొడుక్కున్నవు."

మహాదేవికి ఇంకొకరు విడమరిచి చెప్పనక్కర్లేదు. మనిషి లేకుండా కొలత లేదని పొద్దున పిల్లను తరిమింది తనే. నవనాథ్ తన చేతిలోని డబ్బాను ఒకసారి చూశాడు. దాన్ని నెమ్మదిగా జేబులో పెట్టుకున్నాడు.

కానీ తెలిసినంత మాత్రాన కోపం చల్లారలేదు. దానికి ఇప్పుడు సరైన దారి దొరికింది, అంతే. ఆమె గిరుక్కున తిరిగింది.

"అయితే నా కొలత నువ్వెందుకు తియ్యలే?"

రాచయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఊళ్లో ఉన్నోళ్లందరి వీపు మీద చెయ్యి పెట్టినవు. పన్నెండేండ్లు ఒక్క ఇంట్ల ఉన్న. నీ బట్టలు ఉతికిన. నీ ఉమ్మిగిన్నె కడిగిన. ఒక్కనాడన్న నా వీపు నీకు కనపడలేదా?"

"నువ్వు అడగలే."

"ఇంట్ల అడుక్కుంటరా?" ఆమె గొంతు వాకిలి దాటి వినబడింది. "పన్నెండేండ్లు నీకు అన్నం పెట్టిన. ఒక్కనాడన్న నువ్వు అడిగితేనే పెట్టిననా? ఆకలైతదని నాకు తెల్వదా? అట్లనే నీకు తెల్వదా? అడుగు అడుగు అని గుమ్మం దగ్గర ఊరందరికీ నేనే నేర్పిన నాయినా! నేను ఊరిదాన్ని కాదు గదా, నీ బిడ్డను గదా అనుకున్న!"

"నువ్వు అనుకున్నవు. ఆయనేం అనుకున్నడో ఎన్నడన్న చూసినవా?" అంది సుందరాబాయి. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని ఆ మనిషి ఇద్దరి మధ్యకు వచ్చింది. "ప్రతి గురుపున్నానికి అందరూ పోయినంక ఆ గొంగడి ఎందుకు పరిచి ఉంచుతుండెనే? వాకిలి దగ్గర ఎవరి కోసం కూసుంటుండె? తిండి కూడ తినకపోయె, పగటిదాక. నువ్వు వస్తుంటివి, దులుపుతుంటివి, మలిచి పెట్టెల ఏస్తుంటివి. నేను చెప్పబోతే, నియమం దాటొద్దని నా నోరు మూయించిండు."

పన్నెండు గురుపున్నములు. పన్నెండు మడతలు. మహాదేవి తండ్రిని చూసింది. ఆయన ఇప్పుడు గోడను చూడడం లేదు. ఆమెనే చూస్తున్నాడు.

"నియమమా?" అంది మెల్లగా. "నియమం ఒక్కటేనా?"

"కాదు," అన్నాడు రాచయ్య. "భయం."

ఆయన గోడకు ఆనుకుని జారి కూర్చున్నాడు. ఒక్కో మాటా బావిలోంచి తోడినట్టు వచ్చింది.

"హుల్సూర్‌కు నిన్ను ఇచ్చింది నేను. శిష్యుడు చెప్పిండని కళ్లు మూసుకొని ఇచ్చిన. నీ మొగనికి లాతూర్‌ల ఇంకో సంసారం ఉన్నదని చూడలే. మూడేండ్లు నరకం చూసి వచ్చినవు. వచ్చిన్నాడు నా ముఖం చూడలే నువ్వు. బిడ్డకు మొగన్ని చూడలేనోడు... బిడ్డకు గురువెట్లయితడు? నా అంతట నేను చెప్తే, నా తప్పు కప్పుకున్నట్టు. నువ్వు అడిగితే..."

దగ్గు వచ్చింది. తువాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. తీసేసరికి దాని మీద ఎర్రచార. నవనాథ్ ముందుకు ఉరికాడు. "సాలు నాయినా! మాట్లాడకు!"

రాచయ్య కొడుకు చేతిని పక్కకు తోశాడు. "నువ్వు అడిగితే, మాఫ్ చేసినవనుకుంట. అందుకే... ఎదురు చూసిన."

తప్పు చేశానన్న మాట తండ్రి నోట వినడం కోసం మహాదేవి పన్నెండేళ్లు కాచుక్కూర్చుంది. ఆ మాట వస్తే ఏమనాలో వందసార్లు అనుకుంది. తీరా వచ్చేసరికి అనుకున్నదేదీ నోటికి రాలేదు. వచ్చింది కోపమే.

"అయితే ఇప్పుడు చెప్పు మరి!" అని అరిచింది.

రాచయ్య మోకాలి మీది చెయ్యి లేచింది. ఒక వేలు చూపించాడు.

"ఒకటి," అంది సుందరాబాయి.

"వేళ్లు లెక్కపెడుతున్నవా? నోట్ల రక్తం కారుతున్నది, ఇంకా నియమమేనా నీకు? సోమవారం దాక ఆగుతవా? చెప్పవా?"

రెండో వేలు లేచింది.

"రెండు," అన్నాడు నవనాథ్. అతనికి తెలియకుండానే అన్నాడు.

మహాదేవి నోరు తెరిచింది. మూడో మాట రాలేదు. మొదటి రెండూ కోపం అడిగినవి, సులువుగా వచ్చాయి. మూడోది అడిగితే హుల్సూర్ ఇంటి తలుపు వెనక గడిపిన మూడేళ్లనూ ఆయన చేతుల్లో పెట్టి, తీసుకో అనాలి. అది అంత తొందరగా లోపలి నుంచి బయటికి రాదు. గోడ మీది గడియారం పదిన్నర దాటింది.  బక్కమ్మ గురగుర ఒక్కటే వినబడుతోంది.

మహాదేవి లేచి లోపలికి పోయింది. పెట్టె మూత తెరిచిన చప్పుడు. అర్రలోకి తిరిగి వచ్చినప్పుడు ఆమె చేతుల్లో నల్ల గొంగడి ఉంది. పన్నెండేళ్లు తాను దులిపి మడిచిన గొంగడిని ఈసారి తానే విప్పింది. ఒక కొస కూడా వంకర లేకుండా నేల మీద పరిచింది. దాని మీద మోకాళ్లు మడిచి కూర్చుంది. ఏడుస్తున్నట్టు ఆమెకే తెలియలేదు. గొంగడి మీద చుక్కలు పడ్డాక చూసుకుంది.

"నాయినా," అంది. "నాకు చెప్పు."

రాచయ్య వేలు చూపించలేదు. ఆ చెయ్యితోనే కళ్లు తుడుచుకుని, వచ్చి కూతురి ఎదుట కూర్చుని, గొంగడి అంచు ఎత్తాడు.

సుందరాబాయి బక్కమ్మను లేపి వాకిట్లోకి నడిపించింది. నవనాథ్ తలుపు దగ్గరికి వేసి, గడప మీద కూర్చున్నాడు.

"ప్లాట్ల కోసమే అనుకుంటున్నరు గదా మీరందరు," అన్నాడు ఎటో చూస్తూ. "చిన్నప్పుడు నాయిన చేన్ల నుంచి పిలుస్తుండె. అరేయ్ నవ్వూ అని. ఊరి ఈ కొసదాక వినపడుతుండె. ఆ పిలుపు ఒక్కటన్న దీంట్ల ఉంటదనుకున్న అవ్వా." జేబులోంచి డబ్బా తీసి, వెనక మూత ఊడదీసి, బ్యాటరీలు అరచేతిలోకి దొర్లించాడు. సుందరాబాయి వచ్చి కొడుకు పక్కన కూర్చుంది. అతని తల మీద చెయ్యి వేసింది.

లోపల గొంగడి కింద చీకటి. ఉన్ని వాసన, మందుల వాసన. వీపు మీద అరచెయ్యి. రాచయ్య తొందరపడలేదు. ఆమె ఎక్కిళ్లు ఆగేదాకా ఆగాడు. ఎక్కిళ్లు ఆగాక ఊపిరి సమంగా నడిచేదాకా ఆగాడు. అప్పుడు ఆమె చెవిలో చెప్పాడు. అదే మాట. ఎనిమిదేళ్లుగా ఆమెకు తెలిసిన మాటే. కానీ ఈసారి అది సగంలో తెగలేదు. ఆయన అరచెయ్యి ఇక్కడ అని నొక్కేదాకా సాగింది, ఇక్కడ అని ఎత్తేదాకా నిలిచింది. రొమ్ములో ఎప్పుడూ మండే చోటు దాటి కిందికి, ఇంకా కిందికి దిగింది. తన లోపల అంత చోటుందని మహాదేవికి తెలియదు.

ఆ తర్వాత ఆయన మరో రెండు మాటలు చెప్పాడు. "నువ్వు చెప్పు," అన్నాడు. ఇకమీద అడిగినవాళ్లకు చెప్పమని ఆజ్ఞ.

తలుపు తెరుచుకునేసరికి పదకొండున్నర అయింది. మహాదేవి తండ్రిని పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. రాచయ్య భార్యను చూసి ఏదో అనబోయాడు. పెదవులు కదిలాయి, గాలి వచ్చింది. శబ్దం రాలేదు. ఆపరేషన్‌కు ఇంకా రెండు రోజులున్నా ఆ గొంతు తన పని ముగించుకుంది. ఆయన గొంగడిని తీసి మహాదేవి భుజాల మీద కప్పాడు.

సుందరాబాయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బక్కమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేదు, ఆ గొంగడి చూస్తే తెలిసింది. గురగురమంటూ వచ్చి మహాదేవి చెయ్యి పట్టుకుంది. "ఇగ నీ మంత్రం నీకొచ్చింది గద? నాది నాకు వాపస్ ఇయ్యి!"

"తీస్కో పెద్దవ్వా," అంది మహాదేవి. "మస్తు ఇరుకుండె."

రాచయ్య భుజాలు ఎగిరిపడ్డాయి. గొంతు లేని నవ్వు.

కోపం పోయిందా అంటే పోలేదు. తండ్రిని కారులో కూర్చోబెడుతూ, "కాలు లోపలికి పెట్టు, తలుపు పడ్డదంటే తెలుస్తది," అని కసిరింది. కానీ ఆయన ఆ కసురుకు గోడ వెతుక్కోలేదు. కాలు లోపలికి పెట్టుకుని, ఆమె పక్కన కూర్చోగానే ఆ చెయ్యిని తన ఒళ్లోకి లాక్కున్నాడు. సుందరాబాయి అవతలి పక్క కూర్చుంది. రొట్టెల మూట ముందు సీట్లో పెట్టారు.

నవనాథ్ స్టీరింగు ముందు కూర్చున్నాడు. తాళంచెవి తిప్పలేదు. అద్దంలోంచి వెనకసీటు వైపు చూశాడు. నల్ల గొంగడి, ఆ గొంగడిలో అక్క ముఖం.

"బోర్డు తీపిచ్చేస్త," అన్నాడు.

 అతను ఇంకా అద్దంలోకే చూస్తున్నాడు.

"అక్కా... నాకు చెప్తవా?"

మహాదేవి తండ్రి వైపు తిరిగింది. రాచయ్య కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఆయన తలూపాడు. ఆమె గొంగడిలోంచి చెయ్యి బయటికి తీసి, ఒక వేలు ఎత్తి చూపించింది.

"ఒకటి," అంది.